హెస్టర్ ఆక్స్‌ఫర్డ్‌లోనే ఉంది

ఆక్స్‌ఫర్డ్,
మార్చి, 1972

ప్రియమైన హెస్టర్‌కి,

ముందు కూర్చో. కూర్చున్నావా? సరే, ఇప్పుడు చదువు. మన విశ్వవిద్యాలయం నీకు గౌరవ డాక్టరేటు ఇవ్వబోతోంది! జూన్‌లో ఎర్ర గౌను వేసి, నీకొక్క ముక్క కూడా గుర్తులేని లాటిన్‌లో నిన్ను పొగిడి మరీ ఇస్తారు. కమిటీలో నేనున్నాను కాబట్టి ఇచ్చారనుకునేవు. కాదే తల్లీ, నేనుండి కూడా ఇచ్చారు. గణితం పెద్దాయన ఒకడు అడ్డం తిరిగాడు. "ఆవిడ ఊరొదిలి వెళ్ళిపోయి ఎన్నేళ్ళయిందో! ఈ ఊరికీ ఆవిడకీ ఇంకా ఏం సంబంధమండీ?" అన్నాడు. "తమరు ఈ ఊళ్ళోనే ఉండి ఈ ఊరి గురించి ఏం రాశారో సెలవియ్యండి" అన్నాను. అందరూ నవ్వారు. అప్పట్నుంచీ ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. అదొక లాభం.

సంబంధం లేకపోవడమేమిటి! నువ్వు రాసిన ప్రతి నవలా ఈ వీధుల్లోనే కదా నడిచింది. నువ్వక్కడ సముద్రం ఒడ్డున కూర్చుని రాసి పంపుతావు. నేనిక్కడ ఆ కాగితాలు చేతపట్టుకుని పిచ్చిదానిలా తిరుగుతాను. ఈ గేటు నుంచి ఆ వంతెన దాకా మాట్లాడుకుంటూ వెళితే ఆ సంభాషణకి దారి సరిపోతుందా, ఆ మలుపులో గంట వినిపిస్తుందా, అన్నీ నడిచి చూస్తాను. నీ నవలల కాళ్ళు నావి. ఈ సంగతి కమిటీకి చెప్పలేదులే.

ఒక్కటే షరతు. మనిషి స్వయంగా రావాలి. ఒంట్లో బాగాలేదు, పోస్టులో పంపండి అంటే కుదరదు. రాకపోతే డాక్టరేటు లేనట్టే. ఈస్టర్ లోపల జవాబు కావాలి. మన కాలేజీలో చదివిన రచయిత్రి ఎవరికీ ఇంతవరకూ ఈ గౌరవం దక్కలేదు. కొత్త గౌను కుట్టించుకో. పోయినసారి కట్టుకొచ్చిన ఆ గోధుమరంగు దుప్పటి మాత్రం వద్దు.

కొత్త నవల కాగితాలు అందాయి. సగం చదివాను. బాగుంది, చాలా బాగుంది. కానీ ఇదేమిటి? నీ హీరో ఇక్కడి కుర్రాడే కదా, చెర్వెల్ నదిలో పడవ వెనక బల్లమీదికెక్కి నిలబడి గడ వేస్తున్నాడేమిటి? అలా నిలబడేది అవతలి ఊళ్ళో, కేంబ్రిడ్జిలో! మనవాళ్ళు రెండో చివర, పడవ లోపలే నిలబడి వేస్తారు. ఈ ఊళ్ళో చంటిపిల్లని అడిగినా చెబుతుంది. ఆ ఒక్క పేజీ పట్టుకుని విమర్శకులు నిన్ను వేయించుకు తింటారు. కేంబ్రిడ్జి మొగుణ్ణి కట్టుకుంటే ఇలాంటివి జరుగుతాయని నీ పెళ్ళినాడే అన్నాను. పోనీలే, నేను దిద్దేస్తాను.

ఇంకొకటి. ఈ మధ్య ఉత్తరాలు టైపు చేస్తున్నావేమిటి? చివర పేరు కూడా టైపే. బ్యాంకు మేనేజరు రాసినట్టుంది. మీ ఆయన గైల్స్‌ని అడిగానని చెప్పు, అనుకోకుండా అడిగినట్టు చెప్పు.

నీ
ఐవీ

*

క్రోమర్, నార్ఫోక్,
మార్చి, 1972

ప్రియమైన ఐవీ,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. సంతోషంతోనే. నువ్వు నాకోసం ఎంత పోట్లాడి ఉంటావో ఊహించగలను.

జూన్ సంగతి ఇప్పుడే చెప్పలేను. కొంచెం గడువు ఇప్పించు.

పడవ దగ్గర ఏమీ దిద్దకు. హీరో ఎక్కడ నిలబడ్డాడో అక్కడే ఉండనీ. నీకు కోపం వస్తుందని తెలుసు. అయినా దిద్దకు.

ఇక్కడ గాలి ఎక్కువగా ఉంది. పీతలు ఇంకా రాలేదు. గైల్స్ కులాసా.

హెస్టర్

*

ఆక్స్‌ఫర్డ్,
మార్చి, 1972

హెస్టర్, నా తల్లీ,

ఇది ఉత్తరమా, టెలిగ్రామా? డాక్టరేటు ఇస్తామంటే "ఇప్పుడే చెప్పలేను" అంటావా? నాకు అర్థం కావడం లేదు. అర్థం కానప్పుడు నేనెలా ఉంటానో నీకు తెలుసు. ఊరుకోను.

నవల మొత్తం చదివాను. ఒళ్ళు దగ్గరపెట్టుకుని చదివాను. ఈసారి పడవ ఒక్కటే కాదు. మన పడవ పందేలు మే నెలలో అయిపోతాయి కదా, నీ పుస్తకంలో జూన్‌లో జరుగుతున్నాయి! జూన్‌లో జరిపేది ఎవరు? అవతలి ఊరివాళ్ళు. ఇన్నేళ్ళుగా నీ రాతలు చూస్తున్నాను. ఈ ఊరి విషయంలో నువ్వు ఇలాంటి తప్పు ఒక్కటి చేసి ఎరగవు. కేంబ్రిడ్జిలో పెరిగిన మనిషి మాత్రమే చేయగల తప్పులివి.

ఇంకో మాట. ఆ కుర్రాడి మనసులోకి దిగి రాసిన అధ్యాయాలున్నాయే, అవి నీవి కావు. నువ్వెప్పుడూ మగవాళ్ళని బయటినుంచే రాశావు. వాళ్ళ టోపీలూ దగ్గులూ రాశావు. ఈ కుర్రాడు ఒక అమ్మాయి కోసం రైలెక్కి, కిటికీ అద్దంలో తన ముఖం చూసుకుని, ఇంత అనాకారిని ఆమె ఎందుకు చూస్తుందని దిగులుపడతాడు చూడు, ఆ దిగులు ఆడమనిషి రాసింది కాదు.

సూటిగా అడుగుతున్నాను. ఈ పుస్తకం గైల్స్ రాస్తున్నాడా? ఈ ఉత్తరాలు కూడా అతనివేనా?

నిన్న మీ ఇంటికి ఫోను చేశాను. అతనే తీశాడు. "హెస్టర్‌ని పిలువు" అన్నాను. "ఇక్కడ లేదండీ" అని పెట్టేశాడు. ఎక్కడికెళ్ళిందో కూడా చెప్పలేదు. నీ ఒంట్లో ఎలా ఉంది? నీకేమైనా అయితే నా దగ్గర దాచకు. నిన్ను ఎవరైనా దాస్తుంటే అసలే ఊరుకోను.

ఐవీ

*

క్రోమర్,
ఏప్రిల్, 1972

ఐవీ,

పుస్తకం నాది. ప్రతి వాక్యం నేనే రాశాను. ఇంకెవరైనా ఈ మాట అడిగి ఉంటే జన్మలో వాళ్ళ ముఖం చూసేదాన్ని కాదు.

నా ఒంట్లో బాగానే ఉంది. దయచేసి ఫోను చెయ్యకు. రావద్దు. నీ మనసు నాకు తెలుసు, బండెక్కి వచ్చేస్తావు. వద్దంటున్నాను, ఐవీ. చెప్పే వీలు చిక్కినప్పుడు నేనే చెబుతాను.

కమిటీకి ఇంకొన్నాళ్ళాగి రాస్తాను.

హెస్టర్

*

ఆక్స్‌ఫర్డ్,
ఏప్రిల్, 1972

హెస్టర్,

ఈ ఉత్తరం నీకు అందుతుందో లేదో తెలీదు. ముందు అతని చేతిలో పడితే అతనే చదువుకోనీ. గైల్స్, చదువు, ఇది నీక్కూడా.

వచ్చాను. వద్దన్నావు కాబట్టే వచ్చాను. రెండు బళ్ళు మారి, స్టేషన్ నుంచి ఆ ఎదురుగాలిలో నడిచి, మీ ఇంటి తలుపు కొట్టాను. మీ ఆయన తీశాడు. టై కట్టుకుని, బూట్లు మెరిపించుకుని, తల నున్నగా దువ్వుకుని ఎక్కడికో బయల్దేరేవాడిలా ఉన్నాడు.

"హెస్టర్ ఉందా?" అన్నాను.

"లేదండీ."

"ఎక్కడుంది?"

"ఆక్స్‌ఫర్డ్‌లో ఉంది."

"నేనొచ్చిందే ఆక్స్‌ఫర్డ్ నుంచి!"

"అలాగా!" అని ముఖం ఇంత చేసుకున్నాడు. "ఎలా ఉంది మరి? బాగుందా? బాగా చదువుతోందా?"

నాతో వేళాకోళమా! నా ఒళ్ళు మండిపోయింది. "గైల్స్, నాటకాలు కట్టిపెట్టు. నేను ఐవీని. దాన్ని మొహం చూపించమను."

"చాలా సంతోషమండీ" అన్నాడు, అచ్చం దొరబిడ్డలా తల వంచి. "ఆమె కనిపిస్తే నేను అడిగానని చెప్పండి. బండి దొరకగానే వస్తానని కూడా చెప్పండి." తలుపు వేసేశాడు. నా ముఖం మీద!

అతని వెనక కొక్కేనికి నీ వానకోటు వేలాడుతుండటం నా కళ్ళతో చూశాను. ఇంటి చుట్టూ తిరిగాను. పెరటి కిటికీలోంచి నీ బల్ల కనిపించింది. టైపు మిషన్లో సగం కొట్టిన కాగితం ఉంది. దాని ముందు కుర్చీ, కుర్చీ వెనక అతని శాలువా. నువ్వు లేవు. అద్దం మీద కొట్టాను, నీ పేరు పెట్టి అరిచాను. పక్కింటివాళ్ళ కుక్క తప్ప ఎవరూ పలకలేదు. ఆఖరి బండి అందుకోవాలి కాబట్టి తిరిగొచ్చేశాను. దారంతా ఏడుస్తూనే వచ్చాను, ఎదురు సీట్లో పాదిరీగారు తన రుమాలు ఇచ్చేంత ఏడ్చాను.

ఇక విను. శుక్రవారం కమిటీ కూర్చుంటుంది. ఆ లోపల నీ చేత్తో రాసిన ఉత్తరం నాకు రావాలి. టైపు చేసింది కాదు. నీ పెద్ద పెద్ద అక్షరాలూ, నీ సిరా మరకలూ కావాలి. రాకపోతే మూడు పనులు చేస్తాను. ఈ నవల నువ్వు రాసింది కాదని నీ ప్రచురణకర్తకి రాస్తాను. నీ పేరు వెనక్కి తీసుకోమని కమిటీకి చెబుతాను. క్రోమర్ పోలీసుల్ని మీ ఇంటికి పంపిస్తాను. నేను ఉత్తుత్తినే బెదిరించనని నీకు తెలుసు.

బతికున్నావా హెస్టర్? అది ఒక్కటి చెప్పు.

ఐవీ

*

క్రోమర్,
ఏప్రిల్, 1972

నా ప్రియమైన ఐవీ,

బతికే ఉన్నాను. ఇవిగో నా పెద్ద అక్షరాలు, ఇదిగో మరక. సముద్రం ఎదురుగా ఉన్న టీ దుకాణంలో కూర్చుని రాస్తున్నాను. పక్కింటి డకెట్ గారు గైల్స్ దగ్గర కూర్చుంది. ఆవిడ అల్లిక పూర్తయ్యేలోపల నేను ఇది పూర్తి చెయ్యాలి.

నువ్వొచ్చినప్పుడు నేను మందుల షాపులో ఉన్నాను. అతని మందుల కోసం వెళ్ళాను. ఎండగా ఉందని కోటు వేసుకోలేదు, అంతే. డకెట్ గారు వంటింట్లో ఉంది కానీ ఆవిడకి చెముడు. నేను తిరిగొచ్చేసరికి గైల్స్ చాలా హుషారుగా ఉన్నాడు. "ఆక్స్‌ఫర్డ్ నుంచి ఒకావిడ వచ్చిందండీ. హెస్టర్ సంగతులు తెచ్చింది" అన్నాడు. నువ్వేనని అర్థమైంది.

అతను నీతో వేళాకోళమాడలేదు, ఐవీ. అబద్ధం చెప్పలేదు. గైల్స్‌కి నేను ఆక్స్‌ఫర్డ్‌లోనే ఉన్నాను. నాకు పంతొమ్మిదేళ్ళు. కాలేజీలో చదువుకుంటున్నాను. అతను కేంబ్రిడ్జి నుంచి బండెక్కి నన్ను చూడటానికి రావాలి. రోజూ పొద్దున్నే టై కట్టుకుని, బూట్లు మెరిపించుకునేది అందుకే. "ఇవాళ బండి ఉందాండీ?" అని నన్నడుగుతాడు. నేనెవరినో తెలుసా? ఈ ఇంట్లో పనిచేసే మనిషిని. చాలా మర్యాదగా చూస్తాడు. పోయిన శీతాకాలంలో ఒకరోజు గంజి గిన్నె ముందుపెడితే తలెత్తి, "మీరు ఎన్నాళ్ళ నుంచి ఇక్కడ పనిచేస్తున్నారు?" అన్నాడు. పరాచికమనుకుని నవ్వాను. అతను నవ్వలేదు. ఆ రోజు నేను చచ్చిపోయినంత పనైంది.

డాక్టరు పేరేదో చెప్పాడు. తగ్గదన్నాడు. ఇంకా ముందుకే పోతుందన్నాడు.

ఉత్తరాలు ఎందుకు టైపు చేస్తున్నానని అడిగావు. ఒకసారి నీకు రాస్తుంటే నా చేతిలోంచి కాగితం లాక్కున్నాడు. "ఇది హెస్టర్ చేతిరాత. మీ దగ్గరికెలా వచ్చింది? నాకు రాసిన ఉత్తరాలు మీరు దాచేస్తున్నారా?" అని అరిచాడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి ఇల్లంతా గాలించాడు. అప్పట్నుంచి ఇంట్లో కలం ముట్టుకోలేదు. మిషన్ ముందు నేను కూర్చుంటే అతను నా కుర్చీ వెనకే నిలబడి ప్రతి మాటా చదువుతాడు. అందుకే నీకు రెండు ముక్కలకి మించి రాయలేకపోయాను. అతని పేరూ, చివర నా పేరూ అతను పక్కకి వెళ్ళాకే కొట్టేదాన్ని.

ముందే ఎందుకు చెప్పలేదంటావు. నీ మీద నమ్మకం లేక కాదు. నీకు రాస్తే అది నిజమైపోతుందని భయం. మీ కాలేజీ భోజనాల బల్ల దగ్గర అందరూ "అయ్యో పాపం" అంటారని రోషం. నువ్వేనాడూ అతన్ని మెచ్చుకోలేదు కదా, ఇప్పుడు జాలిపడతావేమోనని అది మరీ రోషం.

ఇక పుస్తకం. ప్రతి వాక్యం నాదే, చెప్పినవాడు మాత్రం అతను. మధ్యాహ్నం టీ అయ్యాక నాకు హెస్టర్ గురించి చెబుతాడు. పనిమనిషికి చెబుతాడు, అర్థమైందా? పెళ్ళాంగా నాకెన్నడూ చెప్పని మాటలు! రైలు కిటికీలో తన ముఖం చూసుకున్నది అతనే. చెర్వెల్ మీద గడ వేసింది కూడా అతనే. తన ఊరి అలవాటుకొద్దీ బల్లమీదికెక్కాడు. వంతెన మీది కుర్రాళ్ళు "అవతలి చివర, అవతలి చివర!" అని గేలిచేశారు. బెదిరి నీళ్ళలో పడ్డాడు. "అందరూ నవ్వారండీ. ఆమె ఒక్కతే నవ్వలేదు. ఆ నిమిషంలోనే పెళ్ళంటూ చేసుకుంటే ఈ అమ్మాయినే అనుకున్నాను" అన్నాడు నాతో.

నేను నవ్వాను, ఐవీ. పడీపడీ నవ్వాను. ఒడ్డున గడ్డి పట్టుకుని మరీ నవ్వాను. పుస్తకంలో మాత్రం నవ్వలేదనే రాశాను.

అతన్ని ఎవరూ గుర్తుపట్టకూడదని హీరోని ఆక్స్‌ఫర్డ్ వాణ్ణి చేశాను. నువ్వు చెప్పిందే నిజం, అది అతకలేదు. మొదటి అధ్యాయం మళ్ళీ రాస్తున్నాను. కుర్రాడు అవతలి ఊరివాడే. అప్పుడు పడవలో ఎక్కడ నిలబడ్డా ఎవరూ ఏమీ అనరు. పందేలు మాత్రం మే నెలకి మార్చెయ్యి. అది అతను తన ఊరిదీ మన ఊరిదీ కలిపేసుకున్న సంగతి, నేనూ ఒళ్ళు తెలియక రాసేశాను.

ఒక్కోసారి ఆ పిల్లంటే నాకు మంట. దానికి పంతొమ్మిదేళ్ళు, దానికి ఏ పనీ లేదు, అతను దాని పేరెత్తితే ముఖం వెలిగిపోతుంది. ఇక్కడ నేను అతని మేజోళ్ళు ఉతుకుతున్నాను. మళ్ళీ ఆ పిల్లే లేకపోతే అతనికి పొద్దున్నే లేవడానికి కారణమే ఉండదు.

డాక్టరేటు వద్దని కమిటీకి చెప్పు. నాకు అక్కర్లేదని కాదు. కావాలి. ఎంత కావాలో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆ ఎర్ర గౌను వేసుకుని నీ పక్కన ఆ మెట్లు దిగాలని ఉంది. కానీ అతన్ని ఇక్కడ వదిలి ఒక్కరోజు కూడా రాలేను. వదిలితే ఏమవుతుందో ఒకసారి చూశాను, మళ్ళీ చూడలేను. వెంటబెట్టుకు రమ్మంటావు. ఎన్నోసార్లు ఆలోచించాను. బండి దిగగానే కాలేజీ గేటుకి పరిగెడతాడు. నా పుట్టింటిపేరు చెప్పి నన్ను పిలవమంటాడు. అలాంటి అమ్మాయి ఇక్కడ లేదంటారు. వీధి వీధీ వెతుకుతాడు. అతని పక్కనే నేను నడుస్తూ ఉంటాను. ఇక్కడున్నంతకాలం అతనికి హెస్టర్ ఆక్స్‌ఫర్డ్‌లో ఉంది. అక్కడికొచ్చాక ఆమె ఇక ఎక్కడా ఉండదు. ఆ పని నేను చెయ్యలేను, ఐవీ.

నువ్వు నాకో సాయం చెయ్యాలి. ప్రతి ఉదయం పోస్టుమాన్ కోసం గుమ్మంలో నిలబడతాడు. "ఆక్స్‌ఫర్డ్ నుంచి ఏమీ రాలేదా?" అని అడుగుతాడు. చూడలేక ఒకసారి చర్చి వెనక కూర్చుని నేనే ఉత్తరం రాసి ఇక్కడి డబ్బాలో వేశాను. చేతిరాత చూడగానే ఎంత సంతోషపడ్డాడో! తరవాత కవరు తిప్పి స్టాంపు మీది ముద్ర చూశాడు. "ఇది ఈ ఊరి ముద్ర" అన్నాడు. నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. ఆ వారమంతా నా చేతి అన్నం ముట్టలేదు.

ఈ కవరులో ఇంకో కవరు ఉంది. అతని పేరూ మా చిరునామా నా చేత్తోనే రాశాను. స్టాంపు అంటించాను. దాన్ని మన కాలేజీ గోడకున్న డబ్బాలో వెయ్యి. కావాలంటే చదువు, నీ దగ్గర నాకు దాపరికం లేదు. పంతొమ్మిదేళ్ళ పిల్ల రాసే మాటలు రాయడానికి చాలా కష్టపడ్డాను. పరీక్షలున్నాయనీ, అవయ్యేదాకా రావద్దనీ, కానీ రోజూ తలుచుకుంటున్నాననీ రాశాను. వారానికొకటి నీకు పంపిస్తాను.

అందిన రోజే వేసెయ్యి, మర్నాటికల్లా ఇక్కడికి వచ్చేస్తుంది. శనివారం పొద్దున అతను గుమ్మంలో ఉంటాడు.

నీ
హెస్టర్